వీపు మీద సూర్యోదయం

నేను భూగోళ శాస్త్రం చెప్పే మాస్టారిని. అలలు, ఆటుపోట్లు, తుపాన్లు ఇన్నేళ్లుగా నా చేతి మీదుగానే పిల్లల బుర్రల్లోకి వెళ్తున్నాయి. ఆ సముద్రాన్ని స్వయంగా చూసింది మాత్రం ఏ రెండు మూడుసార్లో, అదీ ఒడ్డున నిలబడి, పాంటు మోకాళ్ల దాకా మడిచి. మడత తడిసేలోపే వెనక్కి వచ్చేశాను. అయినా సముద్రం గురించి నాకు తెలియనిదేదైనా ఉంటే అది సముద్రం వైపు నుంచి జరిగిన పొరపాటై ఉంటుందని నా నమ్మకం.

పిల్లలు నాకు జవాబు మాస్టారని పేరు పెట్టారు. మొదట అది గౌరవమనుకుని ఇంటికెళ్లి మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. అసలు సంగతి తర్వాత తెలిసింది. నేను క్లాసులో ప్రశ్న అడుగుతాను. ఎవరైనా చెయ్యెత్తుదామని మోచెయ్యి కదిపేలోపు జవాబు కూడా నేనే చెప్పేస్తాను. "భూమి తన చుట్టూ తాను తిరగడాన్ని ఏమంటారు? భ్రమణం అంటారు." ఈ పద్ధతిలో సిలబస్ పరుగులు తీస్తుంది. పిల్లల్ని ఆలోచించుకోనిస్తే ఋతుపవనాల దగ్గరే ఏడాది గడిచిపోతుంది. వెనక బెంచీల వాళ్లకి నా పీరియడంటే ప్రాణం. ప్రశ్న తమ మీద పడదని వాళ్లకి అంత భరోసా.

ఈ ఏడు మా అమ్మాయి నా క్లాసులోకే వచ్చింది. బళ్లో నన్ను అందరిలాగే 'సార్' అనాలని, 'మీరు' అనాలని ముందే నియమం పెట్టాను. ఇంటికొచ్చాక 'నాన్నా', 'నువ్వు' మామూలే. పిల్ల నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. నేను మురిసిపోయాను. అలా మురిసిపోతున్న రోజుల్లోనే హెడ్‌మిస్ట్రెస్ గారు పిలిపించి "కూర్చోండి మాస్టారూ" అన్నారు. ఆవిడ కూర్చోమన్నారంటే నిలబడి వినలేని వార్తేదో ఉందని స్టాఫంతా ఎరుగుదురు.

మా అమ్మాయి బి సెక్షన్‌కి మార్చమని అడిగిందట.

బి సెక్షన్‌కి భూగోళం చెప్పేది డ్రిల్లు మాస్టారు. ఆ పోస్టు ఖాళీగా ఉండటంతో, మైదానం కూడా భూమి మీదే ఉంది కదా అన్న తర్కంతో ఆయనకి అంటగట్టారు. ఆయన ఎరిగిన దిక్కులు లెఫ్ట్ టర్నూ, రైట్ టర్నూ. ఎడారి ఎందుకు ఏర్పడుతుందని అడిగితే నీళ్లు పోయకపోవడం వల్లనంటాడని స్టాఫ్‌రూమ్‌లో పుట్టిన జోకు నాదే. ఆ మనిషి దగ్గరికి పోతానంటోంది నా కన్నకూతురు.

"నేనింకా సంతకం పెట్టలేదు" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. "సెలవులయ్యాక మళ్లీ అడుగుతాను. అప్పటికీ అదే మాటంటే మార్చేస్తా. మధ్యలో మీరు పిల్లని కోప్పడకూడదు."

కోప్పడటమెందుకు? నా దగ్గర అంతకన్నా బలమైన ఆయుధం ఉంది. సెలవుల్లో మేం ఓడ ప్రయాణానికి వెళ్తున్నాం.

మా బావమరిది అలాంటి విహార ఓడల టికెట్లమ్మే కంపెనీలో పనిచేస్తాడు. సీజను కాని రోజుల్లో ఖాళీగా పోయే గది ఒకటి మాకు ఇప్పించాడు. దానికి కిటికీ లేదు. నేను సణిగితే, "గదిలో ఎవరుంటారు బావగారూ, అంతా పైనేగా" అన్నాడు. ఈ మాట మళ్లీ గుర్తుకొస్తుంది.

మా ఆవిడ మందుల షాపులో పొద్దస్తమానం నిలబడి డాక్టర్ల చేతిరాత చదువుతుంది. ఓడలో కాళ్లు చాపుకుని కూర్చోవాలన్నది ఆమె ఏకైక ఆశయం. నేను మాత్రం ఆ ఓడని తేలే బడిగా చూశాను. అలల మీద అలల పాఠం, నక్షత్రాల కింద నక్షత్రాల పాఠం. ఇంత విద్య ఒక్కసారిగా మీద పడ్డాక ఏ పిల్ల డ్రిల్లు మాస్టారి దగ్గరికి పోతుంది? గాలి ఊదే గ్లోబూ, దిక్సూచీ, రంగు పెన్సిళ్లూ సర్దుతుంటే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ముందే చెప్తున్నానండీ. ఈ నాలుగు రోజులూ నేనేమీ నేర్చుకోను."

"నీకు కాదులే, పిల్లలకి."

"వాళ్లనడిగారా?"

ఈ ప్రశ్నని సిలబస్‌లో లేని ప్రశ్న కింద జమకట్టి గ్లోబు గాలి తీశాను.

ఓడ ఎక్కగానే గదిలో ఉన్న ఒకే ఒక్క అద్దం మీద టైంటేబులు అంటించాను. మా ఆవిడ "అలలు: ఒక పరిచయం" కింద మిగిలిన రవ్వంత అద్దంలో తల దువ్వుకుని, కుర్చీ వెతుక్కుంటూ వెళ్లిపోయింది. మా చిన్నవాడు అసలు నా బడిలో చేరనే లేదు. గది శుభ్రం చేసే మనిషి తువాళ్లని ఏనుగులాగానో కుందేలులాగానో మడిచి మంచం మీద పెట్టి వెళ్లేవాడు. వాడు ఆ ఏనుగుని జాగ్రత్తగా విప్పి, ఏ మడత ముందో ఏది వెనకో చూసుకుని, మళ్లీ ఏనుగుని చేసేవాడు. సముద్రమంతా కళ్లముందుంటే వీడికి తువాళ్లేమిటని నేను బాధపడ్డాను. తొండం నిలబడలేదని వాడు బాధపడ్డాడు.

మిగిలింది మా అమ్మాయి. ఆమెని పైడెక్కు మీద నిలబెట్టి మొదటి పాఠం మొదలుపెట్టాను. "దూరంగా వచ్చే ఓడలో మనకి ముందు ఏ భాగం కనిపిస్తుంది? పైభాగం. ఎందువల్ల? భూమి గుండ్రంగా ఉండటం వల్ల."

"అర్థమైంది సార్" అంది.

నేను ఉలిక్కిపడ్డాను. ఇక్కడ సారేమిటే అన్నాను. "క్లాసు జరుగుతోంది కదండీ" అంది, ఎంతో వినయంగా. కన్నకూతురి నోట అండీ వినబడటం ఎలా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలీదు. ఎవరో పెద్దమనిషి నన్ను గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడుతున్నట్టనిపించింది.

అయినా వెనక్కి తగ్గలేదు. పైగా నా క్లాసుకి జనం చేరడం మొదలైంది. రిటైరైన స్టేషన్ మాస్టారొకాయన, ఆయన భార్య, ఎటు కదలాలన్నా నా పక్కనుంచే పోవాల్సిన కొత్త దంపతులు. పరాయివాళ్లు తలలూపుతుంటే నాకు రెక్కలొచ్చాయి. ఆ ఊపులోనే మర్నాడు పొద్దున్నే సముద్రం మీద సూర్యోదయ పాఠం ఉందని, అందరూ కుడివైపు రెయిలింగు దగ్గరికి రావాలని ప్రకటించాను.

కుడివైపే ఎందుకో చెప్పాలి. మా క్లాసులో నల్లబల్ల ఉత్తరపు గోడకి ఉంది. బల్లకేసి తిరిగి నిలబడితే కుడిచెయ్యి తూర్పు. ఇన్నేళ్లలో నల్లబల్ల ఒక్కసారి కూడా దక్షిణానికి తిరగలేదు. ఓడ బయల్దేరినప్పుడు దాని ముక్కు ఉత్తరానికే ఉంది, సూర్యుడు ఎడమవైపు దిగుతున్నాడు. అంటే కుడివైపు తూర్పు. ఇంకేం, నాకు నా క్లాసు దొరికేసింది.

ఆ సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే భోజనాల హాల్లో గ్లాసుడు నీళ్లు ముందు పెట్టుకుని ఆటుపోట్ల గురించి దంచేశాను. మా అమ్మాయి రెప్ప వెయ్యకుండా ఆ గ్లాసునే చూసింది. విద్య ఒంటబట్టడమంటే ఇదేనని మా ఆవిడకి కనుసైగ చేశాను. ఆమె తన సూపు తను తాగింది.

తెల్లవారుజామున అందరం కుడివైపు రెయిలింగు పట్టుకుని వరసగా నిలబడ్డాం. "తూర్పు ఏది? మన ఎదురుగా ఉన్నదే" అని పాఠం మొదలుపెట్టాను. స్టేషన్ మాస్టారు స్వెట్టరు వేసుకుని బరువైన కెమెరాతో వచ్చారు. మా అమ్మాయి దిక్సూచి తీసి చూసి, మెల్లగా నా ముందు పెట్టింది. ముల్లు ఉత్తరాన్ని ఓడ తోక వైపు చూపిస్తోంది.

నేను చిరునవ్వు నవ్వాను. దిక్సూచిని అందరికీ కనబడేలా పైకెత్తాను. "చూశారా? ఓడంతా ఇనుము. ఇనుము దగ్గర దిక్సూచి ఏమవుతుంది? తప్పుతుంది. ఎంత ఘోరంగా తప్పుతుందో స్వయంగా చూడండి." అందరూ చూశారు. కొత్త పెళ్లికొడుకు తన ఫోనులో కూడా అలాగే చూపిస్తోందని గొణిగాడు. అది కూడా ఇనుమేనన్నాను.

వెలుతురొచ్చింది. ఎదురుగా సముద్రం మాత్రం బూడిదరంగులోనే ఉంది. మబ్బులు అడ్డున్నాయన్నాను. మబ్బుల్లో రకాలు చెప్పాను. ఇంతలో నా మెడ మీద వెచ్చగా తగిలింది. మా చిన్నవాడు రెయిలింగు కింద తన నీడని కాలితో తొక్కుతూ అడిగాడు.

"నాన్నా, ఎండ వెనకనుంచి వస్తోందేంటి?"

ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. నా వీపు వెనక, చిమ్నీ పక్కన, నా అనుమతి లేకుండా, సూర్యుడు ఎప్పుడో ఉదయించి హాయిగా ఉన్నాడు.

స్టేషన్ మాస్టారు కెమెరా దించి శాంతంగా అన్నారు. "నా సర్వీసులో బళ్లు లేటుగా రావడం చూశాను మాస్టారూ. చెప్పింది ఒక ప్లాట్‌ఫారం, వచ్చింది ఇంకో ప్లాట్‌ఫారం, అదీ చూశాను. సూర్యుడికి కూడా ఇలా అవుతుందనుకోలేదు."

డెక్కంతా నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వింది, ఆమె నవ్వి చాలా రోజులైంది. నవ్వనిది మా అమ్మాయి ఒక్కతే. నవ్వి ఉంటే బాగుండేది. నా వంక ఒక్కసారి చూసి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

వెనకే వెళ్లాను. మెట్ల మలుపులో పట్టుకుని, నీకు ముందే తెలుసా అని అడిగాను. తెలుసంది. నిన్న సాయంత్రం భోజనాల దగ్గర గ్లాసు నీడ బల్ల మీద మెల్లగా జరిగి అటునుంచి ఇటు వచ్చిందట. సూర్యుడు అంత తొందరగా తిరగడు కదా, అయితే ఓడే తిరిగిందనుకుందట. నేను ఆటుపోట్లు దంచుతున్న గ్లాసే అది.

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు సార్."

"అడిగాను. తూర్పు ఏదని అందరి ముందూ అడిగాను కదా."

"అడిగి మీరే చెప్పేశారు." కాసేపు బూటు లేసు చూసుకుంది. "డ్రిల్లు సార్‌కి జవాబులు రావు. అందుకని మమ్మల్ని అడుగుతారు. చెప్పేదాకా ఊరుకుంటారు. బి సెక్షన్ వాళ్లు చెప్పారు."

నేను ఏదో అనబోయాను. ఏమనబోయానో ఇప్పుడు గుర్తులేదు, కచ్చితంగా అందులో ఒక ప్రశ్నా దాని జవాబూ ఉండి ఉంటాయి. కానీ సరిగ్గా అప్పుడే ఓడ ఒక పక్కకి ఒరిగి, ఒక్క క్షణం ఆలోచించి, రెండో పక్కకి ఒరిగింది. నా కడుపు మాత్రం మొదటి పక్కనే ఉండిపోయింది.

గాలి ముదిరింది. అలల ఎత్తుని కొలిచే పద్ధతులన్నీ ఎరిగినవాణ్ణి, మధ్యాహ్నానికల్లా ఆ కిటికీ లేని గదిలో, బకెట్టు పక్కన, బోర్లా పడి ఉన్నాను. గదిలో ఎవరుంటారన్న బావమరిదికి నేనే జవాబునయ్యాను. మా ఆవిడ ఓడ నర్సుని తీసుకొచ్చింది. నర్సు నన్నొకసారి చూసి, మాత్ర ఇచ్చి, నీళ్లు గడగడా తాగొద్దంది. పుక్కిట పట్టుకుని, చాలాసేపు ఉంచుకుని, కొద్దికొద్దిగా మింగాలంది. మాట్లాడితే గాలి లోపలికి పోయి మళ్లీ తిప్పుతుంది కాబట్టి మాట్లాడకూడదని కూడా అంది. ఈ చివరి వైద్యం విన్నాక మా ఆవిడ నర్సుకి రెండుసార్లు థాంక్స్ చెప్పింది.

టైంటేబులు ప్రకారం అది "నదీ ముఖద్వారాలు" పీరియడు. అద్దం మీద కనిపిస్తూనే ఉంది. మా ఆవిడ నాకు కాపలాగా మా అమ్మాయిని కూర్చోబెట్టి పైకి వెళ్లింది. పిల్ల కుర్చీలో, నేను మంచం మీద, ఇద్దరి మధ్యా బకెట్టు. ఆమె ఎటూ మాట్లాడదు, నా నోట్లో నీళ్లున్నాయి.

ఇలా ఉండలేక, నీళ్లు మింగి, బయటెలా ఉందని అడిగాను. కిటికీ లేదు. నాకు నిజంగానే తెలీదు.

ఆమె నా మొహంలోకి చూసింది, ఇంకేమైనా వస్తుందేమోనని. నేను ఇంకో గుక్క పుక్కిట పట్టాను. అప్పుడు, కిందకి రాకముందు పైన చూసిందంతా చెప్పడం మొదలుపెట్టింది. మొదట పొడిపొడిగా, తర్వాత చేతులు కూడా వచ్చాయి. అలలు ఒక వైపునుంచే రావడం లేదట, ఒక వరస మీదకి ఇంకో వరస ఏటవాలుగా ఎక్కుతోందట. ఒక పక్షి అంత గాలిలోనూ నీళ్ల మీద కూర్చునే ఉందట, అలతో పాటు లేచి దిగుతోంది గానీ రెక్క విప్పడం లేదట. ఇంతలో ఓడ ఏదో నది కలిసే చోటికి దగ్గరగా వచ్చిందట. అక్కడ సముద్రం మీద ఒక గీత ఉందట. గీతకి ఇవతల మట్టినీళ్లు, అవతల నీలం. గీత పొడవునా నురగా, పుల్లలూ, ఒక చెప్పూ.

ఆ గీత నాకు తెలుసు. ఏళ్ల తరబడి దాన్ని రంగు సుద్దలతో నల్లబల్ల మీద గీస్తూనే ఉన్నాను. ఎన్నడూ చూడలేదు. అది ఎందుకు ఏర్పడుతుందో చెప్పే మాట నాలుక చివరికొచ్చింది. నోరు తెరవబోయాను. నీళ్లు కాలర్లోకి కారాయి. మళ్లీ మూశాను.

"అవి ఎందుకు కలవట్లేదు?" అంది. నన్నడిగిందో తనని తనే ప్రశ్నించుకుందో తెలీదు. "అంత గాలి కొడుతోంది కదా, కలిసిపోవాలిగా."

నా ఉద్యోగ జీవితంలో అంతటి మౌనం నేనెప్పుడూ పాటించలేదు. బుగ్గలు నొప్పెట్టాయి. పిల్ల కుర్చీ మీదకి కాళ్లు ముడుచుకుని, నేలకేసి చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒకటి చెప్పి, కాదని తనే కొట్టేసింది. నేను బకెట్టు అంచు పట్టుకున్నాను. పక్క గదిలో ఎవరో తలుపు వేశారు. చివరికి తలెత్తింది.

"ఉప్పునీళ్లు బరువు. నది నీళ్లలో ఉప్పు లేదు, తేలిక. అందుకని నది సముద్రం మీద తేలుతోంది. నూనెలాగా. కానీ నూనె అంత కాదు, తర్వాత కలుస్తాయి. అంతేనా?"

నేను నీళ్లు మింగాను. దానికి సాంద్రత అని పేరుందని చెప్పలేదు. ఈ సంగతి చరిత్రలో నమోదు కావాలని నా కోరిక. "అయ్యుండొచ్చు" అన్నాను.

"నాన్నా, నీకు తెలుసా, తెలీదా?"

నాన్నా అంది. నువ్వు అంది. ఓడ ఇంకా ఊగుతోంది గానీ నా కడుపు కుదుటపడింది. మాత్ర పని చేసిందని నర్సు అభిప్రాయం.

మర్నాడు పైకి వెళ్లేసరికి గాలి లేదు, గీతా లేదు. మా ఇంట్లో ఆ గీతని చూసింది ఇప్పటికీ మా అమ్మాయి ఒక్కతే. సముద్రం గురించి అనుమానమొస్తే ఆమెనే అడగాలి.

బడి తెరిచాక హెడ్‌మిస్ట్రెస్ గారు మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు. నేను కొత్త చొక్కా వేసుకుని వెళ్లాను. మనసులో ఆ సెక్షన్ మార్పు కాగితం ముక్కలుముక్కలై బుట్టలో పడుతున్న దృశ్యం రెండు మూడు కోణాల్లో కనిపిస్తోంది.

"ఏమ్మా, ఇప్పుడేమంటావ్?" అన్నారు ఆవిడ.

"బి సెక్షనే మేడం."

ఓడ మళ్లీ ఒరిగినట్టయింది. హెడ్‌మిస్ట్రెస్ గారు నా వంక చూడకుండా, సార్ మీద కోపమా అని అడిగారు.

"కోపం కాదు మేడం. నాన్న ఇంట్లో ఉన్నాడు కదా" అంది మా అమ్మాయి. "బళ్లో కూడా ఎందుకు?"

బళ్లో నాన్న అనకూడదన్న నా నియమం అలా, హెడ్‌మిస్ట్రెస్ సమక్షంలో, నీళ్లలో కలిసింది. ఆవిడ సంతకం పెట్టారు. నేను ఓడిపోయానా గెలిచానా అన్నది స్టాఫ్‌రూమ్‌లో ఇంకా తేలలేదు. నా ఓటు రోజుకోవైపు పడుతోంది.

ఆ వారమే డ్రిల్లు మాస్టారు మైదానంలోంచి చెమటలు కక్కుతూ నా దగ్గరికొచ్చాడు. మా అమ్మాయి క్లాసులో ఆ గీత సంగతి లేవనెత్తిందట, ఆయన తనకి తెలీదని ఎప్పట్లాగే నిజాయితీగా ఒప్పుకున్నాడట, ఇప్పుడు బి సెక్షన్ మొత్తం వరండాలో బకెట్లు పెట్టి ఉప్పు కలుపుతోందట. "జవాబేంటో చెప్పండి మాస్టారూ, మీకు పుణ్యముంటుంది. మెట్లన్నీ తడి." నేను నీళ్ల సీసా మూత తీసి ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. ఆయన కాసేపు చూసి, నాకు పంటినొప్పేమోనని జాలిపడి వెళ్లిపోయాడు.

సీసా ఇప్పుడు నా టేబులు మీద ఎప్పుడూ ఉంటుంది. ప్రశ్న అడుగుతాను, వెంటనే పుక్కిట నీళ్లు పడతాను, చెయ్యి లేచేదాకా మింగను. సిలబస్ ఋతుపవనాల దగ్గరే ఉంది. వెనక బెంచీల వాళ్లు నన్ను అసహ్యించుకుంటున్నారు. నా పేరు కూడా మారింది. ఇప్పుడు నేను పుక్కిలి మాస్టారిని.

ఇంట్లో కూడా ఇదే వైద్యం. భోజనాల దగ్గర పిల్లలు ఏదైనా అడిగితే చాలు, నేను ఊపిరి పీల్చుకునేలోపు మా ఆవిడ గ్లాసు నా వైపు జరుపుతుంది. ఓడలో ఏమీ నేర్చుకోనన్న మనిషి ఇంత నేర్చుకుని దిగింది. మా చిన్నవాడు నా ఉబ్బిన బుగ్గలు చూసి చేతిగుడ్డతో కప్పని మడవడం సాధించాడు.

మొన్న మా అమ్మాయి పళ్లెంలో వేలితో గీస్తూ అడిగింది. "నాన్నా, నది నీళ్లు సముద్రంలోకి ఎంత దూరం పోయాక నది నీళ్లు కాకుండా పోతాయి?"

మా ఆవిడ గ్లాసు జరిపింది. నేను దాన్ని వెనక్కి జరిపాను.

"అక్కర్లేదు. ఇది నాకు నిజంగానే తెలీదు."